పులి దేహం – వాద్యనాదం: ‘టిప్పు పులి’ శిల్పరచనా పరిశీలన

జంతురూపాన్ని వాద్యంతో జోడించడం భారతీయ శిల్పులకు కొత్త కాదు. బొబ్బిలి వీణ దండం చివర యాళి ముఖం ఉంటుంది. మయూరివీణగా పేరొందిన తావూస్ నెమలి ఆకృతిలో రూపొందింది. అయితే ఈ రెండింటిలోనూ జంతువు మౌనంగానే ఉంటుంది. రూపం జంతువుది, నాదం తంత్రులది. యాళి ముఖాన్ని తొలగించినా వీణ పలుకుతుంది.

మైసూరులో 1790లలో రూపొంది, 1799లో శ్రీరంగపట్టణం పతనమైనప్పుడు ఈస్టిండియా కంపెనీ వశమైన ‘టిప్పు పులి’ ఇందుకు భిన్నమైనది. ఇది నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాదాపు సహజ పరిమాణంలో ఉన్న కొయ్యపులి, వెల్లకిలా పడిన ఐరోపా సైనికుని గొంతు పట్టి ఉంటుంది. పిడిని తిప్పితే లోపలి తిత్తుల గాలి సైనికుని కంఠంలోని గొట్టం గుండా ఆర్తనాదమై వెలువడుతుంది. పులి తలలోని మరో గొట్టం రెండు స్థాయిలలో గుర్రుమంటుంది. పులి పక్కభాగంలోని తలుపు తెరిస్తే, 18 దంతపు మెట్లున్న చిన్న ఆర్గాన్ కనిపిస్తుంది.

దీనిని అధ్యయనం చేసినవారు ఎక్కువగా టిప్పు రాజచిహ్నం గురించి, 1792లో జనరల్ మన్రో కుమారుడు పులివాత పడిన ఉదంతం గురించి చర్చించారు. ఆ చర్చ వస్తువును వివరిస్తుందే తప్ప రచనను వివరించదు. తంత్రీవాద్యాన్ని కాక వాయువాద్యాన్ని ఎంచుకోవడమే ఇక్కడి కీలక నిర్ణయం. గర్జనకూ ఆక్రందనకూ మూలం ఊపిరే. అందువల్ల పులి కడుపు ఏకకాలంలో జంతుదేహమూ వాద్యగర్భమూ కాగలిగింది. యంత్రభాగంలో ఫ్రెంచి పనివారి హస్తం ఉండవచ్చని పలువురు భావించారు. అది నిజమైనా ఈ సమన్వయం విలువ తగ్గదు.

ఆర్గాన్ విషయంలో మాత్రం సందేహం తప్పదు. గుర్రుమనడం పులిది, ఏడుపు మనిషిది. మరి మెట్లపై పలికే రాగం ఎవరిది? శిల్పంలోని పాత్రలు రెండింటికీ అది చెందదు. రూపైక్యం దృష్ట్యా ఇది లోపమే. అర్థం దృష్ట్యా చూస్తే, ఆ రాగం వాయించేవానిది. మరణయాతన పక్కనే తీరికగా సంగీతం వినిపించగల ప్రభువు ఆ పాటలో ఉన్నాడు. ఈ క్రౌర్యాన్ని కేవలం ఆటబొమ్మ చమత్కారంగా కొట్టివేయడం సరికాదు.

ఆ పిడి తర్వాతి కాలంలో లండన్‌లోని ఈస్టిండియా హౌస్ సందర్శకుల చేతికి వచ్చింది. టిప్పు విజయకాంక్షను పలికిన యంత్రమే అతని పరాజయానికి వినోదచిహ్నమైంది. శిల్పంలో ఏ మార్పూ లేదు, పిడి పట్టిన చేయి మారిందంతే. వాద్యశిల్పం అర్థం వాదకుని బట్టి మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

నేడది అద్దాల పెట్టెలో ఉంది. సైనికుని ఎడమచేయి లేచి పడినప్పుడల్లా ఆర్తనాదపు స్థాయి మారుతుంది. శిల్పి చూపిన అతి సూక్ష్మమైన జాగ్రత్త ఇదే. చేయి కదలనప్పుడు, అది నోటి దగ్గర ఎందుకున్నదో చూపరికి తెలియదు.