బొల్లి మచ్చ మీద రంగు నాటడం

తడ, సూళ్లూరుపేట వైపు రైతులు కొద్ది సెంట్ల నారుమడితో ఎకరం పొలం నాటేస్తారు. బొల్లికి చేసే కణాల మార్పిడిలోనూ లెక్క ఇలాంటిదే. తొడ మీద గీసి తీసిన పలుచటి చర్మం, దానికి పదింతలున్న తెల్లమచ్చకు సరిపోతుంది.

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే రంగు కణాలుంటాయి. ఒక్కొక్కటీ సన్నని చేతులు చాచి చుట్టుపక్కల 36 కణాల దాకా రంగు అందిస్తుంది. బొల్లిలో ఒంటి రక్షణ కణాలే వీటిని చంపేస్తాయి. మచ్చలో చర్మమంతా ఉంటుంది, రంగు పెట్టేవారే ఉండరు. వారిని తెచ్చి నిలపడమే ఈ పని.

గీసిన చర్మాన్ని ట్రిప్సిన్ ద్రవంలో నానబెడతారు. కణాన్ని కణానికి కట్టి ఉంచే బంధాలను అది తెంపుతుంది. ఎక్కువసేపు ఉంచితే కణాలనే తినేస్తుంది. 1992లో ఫ్రాన్స్‌లో గోతియే బృందం రాత్రంతా చల్లగా నానబెట్టేది. 1998 నాటికి స్వీడన్‌లో ఓల్సన్, యూలిన్ ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల్లో, గంటలోపే ముగించారు. ఆ మార్పుతో కణాలు తీయడం, నాటడం ఒకే పూటలో అయ్యే పనైంది. నానాక ట్రిప్సిన్ పని ఆపి, చిమటాతో పైపొరను కింది పొర నుంచి విడదీసి, ముక్కలు చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. గొట్టం అడుగున చిటికెడు ముద్ద మిగులుతుంది. కావలసిన కణాలు అందులోనే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది తర్వాతి మెట్టు. మచ్చ మీద చర్మాన్ని సన్నగా అరగదీస్తూ, సూదిమొనంత రక్తపు చుక్కలు కనబడగానే ఆపాలి. లోతైతే గాయపు మచ్చ కడుతుంది, పైపైనైతే కణాలు అంటుకోవు. ఆ లోతును వైద్యుడి కన్నూ చెయ్యీ చెప్పాలి. కొద్ది ద్రవంలో కలిపిన కణాలను అక్కడ పరిచి, కొల్లాజెన్ పొర కప్పి, వారం కదపకుండా ఉంచుతారు. రంగు కొన్ని వారాలకు మొదలై నెలల తరబడి నిండుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వెంట్రుకల కుదుళ్ల కణాలతోనూ ఇదే పద్ధతి నడిపి చూశారు.

అయితే దాడి ఆగకపోతే నాటిన కణాలూ చస్తాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం పిలుపుతో ఆ దాడి సాగుతుందని తేలాక, ఆ సంకేతాన్ని అడ్డగించే రుక్సోలిటినిబ్ క్రీముకు 2022 జులైలో అమెరికాలో అనుమతి వచ్చింది.

బొల్లి అంటుకోదు. వైద్యం కోసం తడ నుంచి తిరుపతికో చెన్నైకో వెళ్లేవారు చర్మవైద్యుణ్ని ముందు ఒక్క మాట అడగండి: నా మచ్చలు ఏడాదిగా నిలకడగా ఉన్నట్టేనా?