పెండ్లిపాటలోని చనువు: ‘ఢోలక్ కే గీత్’ నుంచి వాజిదా తబస్సుమ్ ‘ఉత్రన్’ వరకు

హైదరాబాదు పాతబస్తీ ముస్లిం కుటుంబాలలో మాంఝా మొదలు పెండ్లి వరకు స్త్రీలు గుమిగూడి పాడే పాటలను ‘ఢోలక్ కే గీత్’ అంటారు. వీటి భాష దక్కనీ. వస్తువులో ఆశీస్సు కొంత, అప్పగింతల దుఃఖం కొంత ఉన్నా, పాటకు ప్రాణం వియ్యపురాలిని ఎత్తిపొడవడంలో, అత్తను, ఆడబిడ్డను ఆటపట్టించడంలో ఉంది. తెలుగువారి వియ్యపురాళ్ల పాటలు ఎరిగిన పాఠకునికి ఈ చనువు కొత్తది కాదు. మామూలు రోజున అంటే తగవయ్యే మాట, ఢోలక్ మోగుతున్నంతసేపు నవ్వుగా చెల్లుతుంది. పెండ్లి ముగిశాక ఆ అనుమతి కూడా ముగుస్తుంది. పెండ్లిపాటకున్న ఈ గడువును సాహిత్యం ఏం చేసిందన్నది విచారించదగిన ప్రశ్న.

దక్కనీలో స్త్రీలు పాడిన ప్రతి పాటా స్త్రీల మాట కాదన్నది ముందుగా గమనించాలి. తిరగలి దగ్గర పాడుకొన్న ‘చక్కీనామా’లను రచించినవారు సూఫీలు. తిరగలి పిడిని ‘అలిఫ్’ అక్షరంతో పోల్చి దైవచింతనను ఇంటిపనిలోకి తెచ్చిన ఆ గేయాల ద్వారా ఇస్లాం భావన గృహాలలోకి ఎలా చేరిందో రిచర్డ్ ఈటన్ 1974లో చర్చించారు. అక్కడ గొంతు స్త్రీది, ఉపదేశం పీరుది. ఢోలక్ పాటకు అటువంటి గురువు లేడు, కర్త పేరూ లేదు. వేల్చేరు నారాయణరావు 1991 నాటి వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణపు పాటలలో చూపిన ప్రశ్నించే గుణానికి ఇదే దగ్గరి బంధువు.

విదర్భలోని అమరావతిలో పుట్టి హైదరాబాదు జీవితాన్ని కథలుగా మలచిన వాజిదా తబస్సుమ్ (1935–2011) ‘ఉత్రన్’ కథను ఈ నేపథ్యంలో చదవాలి. దాయి కూతురు చమ్కీ బాల్యం నుంచి షహజాదీ పాషా విడిచిన బట్టలే కడుతుంది. పాషా పెండ్లి ముందు వరుణ్ణి తానే చేరుతుంది. ఇక పాషా అనుభవించేది తన ‘ఉత్రన్’ అని నిశ్చయించుకొంటుంది. కథలోని కాలం పెండ్లిపాటల కాలమే. పాటలో పరిహాసంగా చెల్లే తలక్రిందులు ఇక్కడ జరిగిపోయిన పనిగా మారుతుంది, గడువు తీరినా వెనక్కు రాదు. ఈ కథను కేవలం శృంగార సాహసంగా చదివిన విమర్శ దానిలోని వర్గకోపాన్ని తక్కువ చేసింది. అయితే చమ్కీ గెలుపుకు మరొక పురుషుని శయ్యే సాధనం కావడం కథకున్న పరిమితి. దీనిని దాటవేయడం న్యాయం కాదు.

సినిమా ఈ చనువును రెండు విధాల పోగొట్టుకొంది. సాగర్ సర్హదీ ‘బాజార్’ (1982) హైదరాబాదులో పేద ఇంటి అమ్మాయిని గల్ఫ్ ధనికునికి పెండ్లిపేరుతో అమ్మడాన్ని చిత్రించింది. ఖయ్యాం కూర్చిన పెండ్లిపాట ఎంత మధురమైనదైనా, అక్కడ ఆ అమ్మకానికి మర్యాద తొడిగే అలంకారంగా మిగులుతుంది. సర్హదీ ఉద్దేశించిన వ్యంగ్యం బహుశా ఇదే. మీరా నాయర్ ‘కామసూత్ర’ (1996) ‘ఉత్రన్’ను ఆధారం చేసుకొని పదహారో శతాబ్దపు రాజాస్థానానికి, ఆంగ్లానికి తరలించింది. దాయి కూతురి దక్కనీ అక్కడ వినబడదు.

అల్జీరియాలోని కబైల్ సమాజంతో పోలిస్తే పాతబస్తీలోని లోటు ఏమిటో స్పష్టమవుతుంది. తల్లి ఫద్మా వద్ద విన్న కథలను, పాటలను తావోస్ అమ్రూష్ 1966లో ‘ల గ్రేన్ మజీక్’ పేరుతో గ్రంథస్థం చేసింది. అవే పాటలను వేదికలపై పాడింది, నవలలూ రాసింది. ఫద్మా ఆత్మకథ 1968లో వెలువడింది. వారి విషయంలో పాడినవారి పేరు, రాసినవారి పేరు ఒకే ఇంటిలో నిలిచాయి. పాతబస్తీలో రచయిత్రి పేరు నిలిచింది, పాట కట్టినవారి పేరు నిలవలేదు. పైగా దక్కనీ నేడు ముషాయిరాలలో, హైదరాబాదీ సినిమాలలో ఎక్కువగా హాస్యభాషగానే చలామణి అవుతోంది. గృహిణి గొంతును అనుకరించి పురుషుడు నవ్వించడం అక్కడ పరిపాటి.

సేకరణ చేసేవారికి ఇందులో ఒక చిక్కుంది. పెండ్లికి పిలిపించిన మీరాసిన్ ఆ ఇంటి వియ్యపురాలి పేరును, వరుని బంధువుల పేర్లను అప్పటికప్పుడు పాటలో చేర్చి పాడుతుంది. ఎత్తిపొడుపు తగిలేది ఆ పేరు దగ్గరే. సంకలనంలో ఆ చోటును ‘ఫలానా’ అని పూరిస్తే, ఎవరిని చూసి ఎవరు నవ్వారో తెలియదు.