పెద్ద సెన్సర్‌కు పని ఎక్కడ?

పెళ్లిళ్ల సీజన్ ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటే మా నరసరావుపేట ఫొటోగ్రాఫర్ల మనసు కొత్త కెమెరా మీదికి పోతుంది. ఇప్పుడది పెద్ద సెన్సర్ ఉండే మీడియం ఫార్మాట్ మీద ఉంది. ధర దిగి రావడమే కారణం. 2019లో ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 100 పదివేల డాలర్లు. 2024లో అదే వంద మెగాపిక్సెళ్లతో వచ్చిన 100ఎస్2 ఐదువేలే. అయినా మన డబ్బుల్లో నాలుగు లక్షల పైమాటే. లెన్సుల ఖర్చు వేరు.

పెళ్లిళ్ల కోసమైతే వద్దంటాను. 44×33 మిల్లీమీటర్ల ఆ సెన్సర్ వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్‌కు ఒకటిన్నర రెట్ల పైనే. నీడల్లో వివరం, రంగుల్లో నునుపు చూడముచ్చటగా ఉంటాయి. కానీ పెళ్లి ఆల్బమ్‌లో 12×36 కరిజ్మా షీటు మీద నాలుగైదు ఫొటోలు సర్దుతాం. ఒక్కోటి 12×8 అంగుళాలు అనుకున్నా, అంగుళానికి 300 చుక్కల లెక్కన తొంభై లక్షల పిక్సెళ్లు చాలు. మిగతా తొమ్మిది కోట్లు హార్డ్‌డిస్కుకు బరువు.

యాషికా మ్యాట్ ఫిల్మ్ కెమెరా రోజుల్లో 120 రోల్‌కు 12 ఫొటోలే. ఆ ఫ్రేము 56 మిల్లీమీటర్ల చదరం. నేటి ఈ సెన్సర్ అందులో సగం కూడా లేదు. అప్పట్లో పెద్ద నెగటివ్‌తో పనుండేది. దాని మీద పెన్సిల్ టచింగ్‌కు చోటు కావాలిగా!

ఇక ఫోన్లలా ఈ ధర పడిపోతుందనుకోను. ఒక సిలికాన్ పలక నుంచి పెద్ద సెన్సర్లు కొన్నే వస్తాయి. సరిదిద్దలేని లోపం ఒక్కటున్నా ఆ సెన్సర్ మొత్తం పారేయాల్సిందే.

ఈ ఖర్చు గొడవ మనకు కొత్తేం కాదు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్, మన అమరావతి నుంచి తరలించిన శిల్పాలను పెద్ద నెగటివ్‌ల మీద తీశాడు. మరుసటి ఏడు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్, ఫొటోగ్రఫీ మన ఖజానాకు మించిన విలాసమని ఆ విభాగాన్నే మూయించాడు. ట్రైప్ ఫొటోలను మాత్రం పరిశోధకులు నేటికీ తిరగేస్తున్నారు.

అలాంటి పని మన దగ్గర ఇప్పటికీ ఉంది: మాచర్ల చెన్నకేశవాలయ శాసనాలు, కారంపూడి వీరుల ఆయుధాలు, నాగార్జునకొండ శిల్పాలు. పక్కనుంచి లైటు పెట్టి అరిగిన అక్షరాన్ని పట్టుకోవాలంటే వంద మెగాపిక్సెళ్లకూ చేతినిండా పనే. నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒక కెమెరా కొనుక్కోవచ్చు. కాలేజీలు, పురావస్తు శాఖ అద్దె ఇచ్చి తీయించుకోవచ్చు. శాసనం తొందరపెట్టదు, కళ్లు మూయదు. బిల్లు కూడా కట్టదు. అది కట్టేవాళ్లు దొరికితేనే పల్నాట్లో ఈ కెమెరాకు భవిష్యత్తు.