మాత్రల సంచి

వయసు పైబడిన రోగికి కీమోథెరపీ నిర్ణయించే ముందు స్కాన్, బయాప్సీ రిపోర్టులకు దక్కే శ్రద్ధ, ఆ రోగి ఇంటినుంచి తెచ్చుకున్న మాత్రల సంచికి సాధారణంగా దక్కదు. రోజూ ఐదు, అంతకు మించి మందులు వాడే స్థితిని వైద్యులు పాలీఫార్మసీ అంటారు. బీపీకి, షుగరుకు, మోకాళ్ల నొప్పులకు వేర్వేరు వైద్యులు వేర్వేరు కాలాల్లో రాసినవాటికి షాపులో అడిగి కొన్న గ్యాస్ మాత్రలు, ఏ చీటీకీ ఎక్కని చూర్ణాలు తోడైతే ఆ సంఖ్య చేరడం కష్టమేమీ కాదు. వీటిలో కొన్ని జబ్బు కోసం గాక, మరో మందు తెచ్చిన ఇబ్బంది కోసం వచ్చినవి. బీపీ మాత్ర అమ్లోడిపిన్ వల్ల పాదాలు వాస్తే, ఆ వాపును కొత్త జబ్బుగా భావించి నీరు పోయే మాత్ర చేర్చడం ఇటువంటిదే.

సంచిలోని మందులు క్యాన్సర్ మందులతో పొసగకపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి కేప్‌సైటబిన్ అనే కీమో మందు ఇస్తే రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది. గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ కడుపులోని ఆమ్లాన్ని తగ్గించి ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందు ఒంటికి పట్టడాన్ని దెబ్బతీస్తుంది. ఇవి పట్టికల్లో దొరికే విషయాలే. షుగరు మాత్ర గ్లిబెన్‌క్లమైడ్ సంగతి అంత తేలిక కాదు. వాంతులు రాకుండా కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది. దాని ప్రభావం తగ్గి, నోరు చేదై అన్నం సయించని రోజుల్లో అదే గ్లిబెన్‌క్లమైడ్ చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు, కనుక ఒకే మోతాదు ఒకనాడు చాలకపోవడం, నాలుగు రోజులకే ఎక్కువ కావడం సంభవిస్తుంది. మూత్రపిండాలు నెమ్మదించినవారిలో ఆ మందు మరింతసేపు నిలుస్తుంది. కండ తగ్గిన వృద్ధులలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించి ఆ నెమ్మదిని దాచిపెడుతుంది.

వృద్ధులకు తగని మందుల జాబితాను అమెరికాలో మార్క్ బీర్స్ బృందం 1991లో ప్రకటించింది. జాబితా ఉన్నా, గుండె వైద్యుడు రాసిన మాత్రను క్యాన్సర్ వైద్యుడు ఆపడానికి జంకుతాడు. ఆ జంకు కొంతవరకు సమంజసమే, ఏళ్లుగా వాడుతున్న ఆల్‌ప్రజోలమ్‌నూ, బీటా బ్లాకర్‌నూ ఒక్కసారిగా మానిపిస్తే హాని కలుగుతుంది. ఫోన్ చేసి మాట్లాడుకోకపోవడానికి మాత్రం అది సాకు కాజాలదు. తీరా ఆపాలని నిర్ణయించినా, చీటీలో కొట్టేసిన మాత్ర ఇంట్లో డబ్బాలో సగం స్ట్రిప్పుగా మిగిలే ఉంటుంది, పారేయడానికి మనసొప్పని ఇల్లాలు దాన్ని యథాప్రకారం రాత్రి భోజనం తర్వాత అందిస్తూనే ఉంటుంది. అందుచేత కీమో రెండో సైకిల్‌కు వచ్చినప్పుడూ ఆ సంచిని బల్లమీద గుమ్మరించి చూడవలసిందే.