విశ్వాన్ని విప్పి చెప్పే పని

షోలాపూర్ పద్మశాలి వాడల్లో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగే ఆ పిల్లలకు అందే మరాఠీలోనే నక్షత్రాల కథలు రాసిన శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్. 1938లో కొల్హాపూర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడ్ హోయల్ శిష్యుడై, 1964లో గురువుతో కలిసి గురుత్వాకర్షణకు కొత్త సిద్ధాంతం ప్రతిపాదించారు. విశ్వం మహావిస్ఫోటంతో పుట్టిందనే వాదాన్ని చివరిదాకా ప్రశ్నించారు. 1988లో పుణేలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థను నిలబెట్టారు.

నాకు వీటన్నిటికన్నా ఆయన పోస్టుకార్డులే గొప్ప. పిల్లలు ఆటోగ్రాఫ్ అడిగితే, సైన్స్ ప్రశ్న రాసి కార్డు పంపమనేవారు. జవాబుతో పాటే సంతకం వెళ్లేది. ప్రశ్న అడగడం నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి ఉందా?

జ్యోతిషాన్ని ఆయన తిట్టి ఊరుకోలేదు, పరీక్షించారు. తెలివైన విద్యార్థులవి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి కలిపి 200 జాతకాలు తీసుకుని, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిషులను అడిగారు. 27 మంది జవాబిచ్చారు. సరైనవి 46 శాతం. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది.

షోలాపూర్ తల్లిదండ్రులారా, పిల్లల జాతకం రాయించే ముందు ఈ లెక్క వాళ్లతో కలిసి చదవండి.