నాలుక అంచున దొరికిన ఆనవాలు

ఎయిడ్స్ దేనివల్ల వస్తుందో లోకానికి ఇంకా తెలియని రోజులవి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే దంపతులు డెబొరా గ్రీన్‌స్పాన్, జాన్ గ్రీన్‌స్పాన్. ఇద్దరూ దంతవైద్యం చదివినవాళ్లే. స్వలింగ సంపర్కులైన కొందరు పురుషుల నాలుక పక్క అంచుల మీద వాళ్లకు ఒక తెల్లమచ్చ కనిపించింది. నొప్పి ఉండదు, మంట ఉండదు. అది ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. క్యాండిడా అనే ఫంగస్ పూత అయితే గాజుగుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. ఇది ఊడలేదు. దున్నిన చాళ్లలా నిలువు ముడతలు పడి, అక్కడక్కడ నూగు తేలి ఉంది. దానికి హెయిరీ ల్యూకోప్లేకియా అని పేరు పెట్టారు.

ఆ తర్వాత వాళ్లు చూపిన ఓపిక మరీ గొప్పది. 1984లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన తొలి వ్యాసంలో పాపిలోమా వైరస్, హెర్పిస్ జాతి వైరస్ రెండింటి జాడా ఉందని రాశారు. అంతటితో తృప్తిపడి ఉంటే సగం పొరపాటు అలాగే నిలిచిపోయేది. సహచరులతో కలిసి మచ్చ నుంచి తీసిన ముక్కలను మళ్లీ పరీక్షకు పెట్టారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ కణాలను చూశారు, డీఎన్‌ఏను వెతికారు, వైరస్ ప్రొటీన్లను వెలుగు చిందే యాంటీబాడీలతో పట్టారు. అన్ని పరీక్షలూ ఒకే పేరు చెప్పాయి: హెర్పిస్ జాతికే చెందిన ఎప్‌స్టైన్-బార్ వైరస్. 1964లో లండన్‌లో బయటపడిన ఈ వైరస్ పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ అణగి ఉంటుంది. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు నాలుక పై పొరల్లో చెలరేగుతుంది. ఈ సంగతి 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. తమ తొలి అంచనాను తామే సరిదిద్దుకున్న ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ మచ్చ క్యాన్సర్‌గా మారదు. ఎసైక్లోవిర్ అనే యాంటీవైరల్ మందు వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులతో నిరోధక శక్తి పుంజుకుంటే చాలామందిలో దానంతట అదే పోతుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలోనూ కనిపిస్తుంది కనుక, మచ్చ చూడగానే హెచ్‌ఐవీ అని తీర్మానించకూడదు.

మన దంతవైద్యులకు ఒక మనవి. పన్ను చూసి పంపేయకండి. నాలుక కొసను గాజుగుడ్డతో పట్టి, అటూ ఇటూ తిప్పి రెండంచులూ చూడండి. అనుమానం వస్తే రోగితో గోప్యంగా, మర్యాదగా మాట్లాడి, హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రమైన ఐసీటీసీకి పంపండి. అక్కడ పరీక్ష ఉచితం. ఏఆర్‌టీ మందులు కూడా 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తున్నారు.