పొగను తూకం వేసేవాళ్లు

ఊళ్లో గాలి సంగతి కూడలిలో పెట్టిన బోర్డు చెబుతుంది. పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు ఏం పీలుస్తోందో దానికి తెలియదు. 1980ల తొలి ఏళ్లలో పరిశోధకుడు కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ పల్లెల్లో పొగను కొలిచే పరికరాన్ని వంట చేసే ఆడవాళ్ల ఒంటికే తగిలించింది అందుకే.

పని చూడ్డానికి చిన్నదే. నడుముకు పంపు, భుజం మీదుగా సన్నటి గొట్టం, ముక్కుకు జానెడు దూరంలో ఫిల్టరు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున లాగితే 24 గంటలకు 3 ఘనపు మీటర్లు కూడా నిండవు. ఫిల్టరుకు పట్టే మసి చాలాసార్లు మిల్లీగ్రాము లోపే. గాలిలో తేమ మారినా తూకం మారిపోతుంది కాబట్టి వెళ్లేముందూ వచ్చాకా ఫిల్టరును ఒకే తేమ, ఒకే వేడి ఉన్న గదిలో ఉంచి తూస్తారు. వాడని ఫిల్టరు ఒకటి కూడా ఊరికి వెళ్లొస్తుంది, దారిలో అంటిన బరువు తీసేయడానికి. ఇక గుర్రుమనే పంపును చూసి పక్కింటివాళ్లు నవ్వుతున్నారని ఇల్లాలు దాన్ని తీసి చూరుకు తగిలించిందో, ఆ రోజు పొగ పీల్చింది చూరే!

ఒంటికి కట్టకుండానూ కొలవొచ్చు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 420 ఇళ్లలో పొగను కొలిచి, 1,400 మంది ఏ గంటకు ఎక్కడున్నారో అడిగి రాసుకుని, రెంటినీ కలిపి లెక్కగట్టిన అధ్యయనం 2004లో అచ్చయింది. 24 గంటల సగటు గ్యాసు ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములైతే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా వెళ్లింది. ఎక్కువ పొగ వంట చేసే ఆడవాళ్లదే, అందులో వింత లేదు. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది మాత్రం 65-80 ఏళ్ల ముసలివాళ్లు. పొలానికి పోలేక ఇంటిపట్టున ఉండేవాళ్లు మరి. ఎక్కడున్నారని అడగకపోతే ఈ సంగతి ఏ యంత్రమూ చెప్పేది కాదు.

పొగ తగ్గితే ఆరోగ్యం బాగుపడుతుందా అన్నది ఇంకా కష్టమైన లెక్క. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో హాపిన్ ప్రయోగం జరిగింది. గ్యాసు పొయ్యి ఇచ్చినవాళ్లకు సన్నటి ధూళి మోతాదు 24 మైక్రోగ్రాములకు దిగింది, మిగతావాళ్లకు సుమారు 71. అయినా పుట్టిన బిడ్డల సగటు బరువు వరసగా 2,921 గ్రాములు, 2,898 గ్రాములు. 2022లో ఫలితం చూసి నిరాశపడినవాళ్లున్నా, కొలిచిన తీరు గట్టిది కాబట్టి కొట్టిపారేయలేరు. ఆ తల్లులు ప్రయోగంలో చేరింది తొమ్మిది నుంచి ఇరవై వారాల మధ్య. అంతకుముందు పీల్చిన పొగను ఏ లెక్కలో రాయాలి?